మత్తడి క్రింది మీనము

గడచిన యేడు శ్రావణమాసమున రెండు మూడు సెలవులు కలసిరాగా మేము జనగామ నుండి పిల్లలతో పుట్టినింటికి పోయితిమి. మా పుట్టినిల్లు భూపాలపల్లి జిల్లాలో గణపురము చెఱువునకు దాపుననున్న పల్లె. అప్పటికి వారము దినములుగా వానలు విడువక కురియుటచే చెఱువు నిండి మత్తడి దూకుచుండెను. మత్తడి దూకిన నాడు మా ప్రాంతమున నదియొక పండుగ. ముసలివారు, పసివారు, కోడండ్రు, కూతుండ్రు అందఱును కట్టమీదికి పోయి, తెల్లని నురుగులతో జాఱు ఆ నీటిని కన్నులార చూచి, పసుపు కుంకుమలు చల్లి వత్తురు. మేమును పోయితిమి.

అచట మా పదునొకండేండ్ల కుమారుడు నీటివంక చూచుచు మమ్ము నొక ప్రశ్న యడిగెను. "అమ్మా, అమెరికాలో పెద్ద ఆనకట్ట క్రింద, మంచువలె చల్లని నీటిలో మోకాలిలోతున నిలుచుండి, ఈకలతో చేసిన యీగను విసరి ట్రౌటు అను చేపను పట్టుచుండగా చరవాణిలో చూచితిని. ఇదియు కట్టయే కదా, క్రింద నీరు పాఱుచునే యున్నది కదా! ఆ చేప యిచట దొరకునా?"

మా యింట మత్స్యమాంసములు వండరు. చేపనుగూర్చి మా పాండిత్యమెల్ల భాగవతమున నష్టమస్కంధములోని మత్స్యావతార కథతో సరి. ఆ భాగవతమును తెనిగించిన పోతనామాత్యుని బమ్మెర గ్రామము మా జనగామ జిల్లాలోనిదే గాన ఆ కథ మాకు ఇంటి కథ వంటిది. కాని పిల్లవాని ప్రశ్నకు కథ సమాధానము కాజాలదు. కావున మావారి సాయమున కొన్ని పుస్తకములు తిరుగవేసి తెలిసికొన్న సంగతులను, ఆ మఱునాడు జరిగిన యొక చిన్న విషయమును సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ట్రౌటు చలువనీటి చేప. నీటి వేడిమి 10 మొదలు 16 డిగ్రీల వఱకు నున్నచో దానికి సుఖము. 20 డిగ్రీలు దాటిన నలత. 25 దాటిన ప్రాణాపాయము. దీనికి కారణము మన వంటయింటనే కనబడును. పొయ్యిమీద గిన్నెతో నీళ్లు పెట్టినపుడు, తెర్లుటకు చాల ముందుగనే గిన్నె యంచులకు సన్నని బుడగలు పట్టుట మీరెల్లరు చూచియుందురు. అది నీటిలో కరగియున్న గాలి. నీరు వేడెక్కిన కొలది గాలిని తనలో నిలుపుకొనలేక విడిచివేయును. 10 డిగ్రీల నీరు లీటరునకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనగలదు. 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే. మొప్పలతో నీటిలోని ప్రాణవాయువునే పీల్చు ట్రౌటునకు మన వేసవి చెఱువు ఊపిరాడని గది వంటిది.

అట్లయిన ఎండలు మెండుగా కాయు దేశములలో సైతము ఆ చేప యెట్లు బ్రదుకుచున్నది? ఆనకట్ట చేయు చిత్రమే యది. మిక్కిలి లోతైన జలాశయములో ఎండకు పైనీరు మాత్రమే వేడెక్కును. చల్లనినీరు బరువైనదగుటచే అడుగునకు చేరి, వేసవి పొడుగునను అచటనే చల్లగా నిలిచియుండును. ఆనకట్ట అడుగుభాగమునుండి ఆ నీటిని విడిచినచో, క్రింది నది గ్రీష్మమునందును శీతలముగానే పాఱును. అమెరికాలో ఆర్కెన్సా రాష్ట్రమున వైట్ నదిపై బుల్ షోల్స్ ఆనకట్ట 1951లో పూర్తియైనది. అంతవఱకు వెచ్చని నీటి చేపలున్న ఆ నది అప్పటినుండి చల్లబడెను. పూర్వపు చేపలు అచట నిలువలేకపోయెను. వాని స్థానమున పెంపకపు కొలనుల నుండి ట్రౌటు పిల్లలను తెచ్చి విడిచిరి. అట్టివానిలో కొన్ని కాలక్రమమున నదిలోనే గ్రుడ్లు పెట్టి, తమంత తాము సంతతిని వృద్ధిచేసికొన్నచో వానిని అడవి ట్రౌటులందురు. కొలనులో పెరిగిన చేపకంటె నదిలో పుట్టిన చేపయే జాలరివినోదులకు ప్రియతరము. అది యెఱుకగలది; సులభముగా మోసపోదు.

మన దేశమునందును ఆ చేప లేకపోలేదు. నీలగిరులలో నాటుటకు ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు 19వ శతాబ్దిలో యత్నించి కృతార్థుడు కాలేదు. 20వ శతాబ్ది మొదటి దశకమున ఆ యత్నము ఫలించినది. కాశ్మీరమునకు 1899లో ఆంగ్లదేశము నుండి పంపిన గ్రుడ్లు త్రోవలోనే చెడిపోగా, 1900లో మరల తెప్పించినవి బ్రదికినవి. ఆ చలువ మన తెలంగాణమున లేదు. కాకతీయుల చెఱువులు విశాలములే కాని, మంచునీటిని అడుగున దాచుకొనునంత అగాధములు కావు. మా వానికి మేము చెప్పిన మొదటి సమాధానమిది: "నాయనా, ఆ చేప యిచట దొరకదు."

ఈకల యీగ సంగతి వినదగినది. నీటిమీద వ్రాలు పురుగులను ట్రౌటు ప్రీతితో తినును. గాలపు ముల్లునకు పట్టుదారము, ఉన్ని, కోడియీకలు చుట్టి ఆ పురుగువలె భ్రమింపజేయుదురు. ఆ కృత్రిమపు టీగ దూదివలె తేలికయైనది గావున, దానిని విసరుటకు త్రాటినే బరువుగా నేయుదురు. బెత్తము కొరడావలె వెనుకకు ముందునకు ఆడింపగా త్రాడు గాలిలో చాపుకొనిపోయి యీగను నీటిపై మెల్లగ దింపును. మాసిడోనియా దేశస్థులు ఎఱ్ఱని ఉన్నితోను, కోడియీకలతోను ఇట్లు చేయుదురని సుమారు 1,800 ఏండ్ల క్రిందట ఈలియన్ అను గ్రంథకర్త వ్రాసియున్నాడు. ఆంగ్లభాషలో గాలపు విద్యనుగూర్చి 1496లో అచ్చుపడిన తొలి గ్రంథము జూలియానా బెర్నర్సు అను సన్న్యాసిని రచించినదని వాడుక. స్కాట్లండున మేగన్ బాయిడ్ (1915-2001) అను నామె సముద్రతీరమున చిన్న కుటీరములో కూర్చుండి జీవితమంతయు సాల్మను చేపల యీగలను కట్టెను. ఆమె పనితనమునకు 1971లో బ్రిటిషు ప్రభుత్వము పతకమిచ్చినది. అంతటి నేర్పరి తానై చేపలను వేటాడెడిది కాదట! సూదిదారములతో నిత్యము పనిగల మనకు ఆమెనుగూర్చి వినుట యానందదాయకము.

ఇది పాశ్చాత్యుల వినోదమే యనుకొనరాదు. కల్యాణపురము రాజధానిగా నేలిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అందు మత్స్యవినోదమను ప్రకరణమొకటి కలదు. సుమారు 35 విధముల మీనములు, వాని యునికిపట్టులు, వానికి పెట్టు మేత, గాలము, త్రాడు, కోల, వీని లక్షణములన్నియు అందు వర్ణితములు. మన ఓరుగంటి కాకతీయులు తొలుత ఆ చాళుక్యులకు సామంతులే. పిమ్మట మదరాసు సర్కారులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ అను దొర కేవలము చెఱువులలో గాలము వేయుటనుగూర్చియే 1887లో ఒక ఆంగ్లపుస్తకము ప్రకటించెను. నదులకే కాదు, చెఱువులకును ఆ గౌరవము దక్కినది.

చెఱువులలో మన ప్రాంతమునకు సాటి యేది? గణపురము చెఱువు గణపతిదేవ చక్రవర్తి పేరిటిది. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెఱువు ఆయన సోదరి మైలాంబ త్రవ్వించినది. కాకతీయుల వంశక్రమమును తెలుపు ప్రసిద్ధ శాసనము ఆ చెఱువుగట్టుననే యున్నది. మా ఆడుబిడ్డ కాపురము బయ్యారమునకు దగ్గఱ గావున ఆ గట్టున మేము పలుమాఱులు నడచితిమి. ఒక యాడుది త్రవ్వించిన నీరు ఎనిమిదివందల ఏండ్లుగా పొలములకు పాఱుచుండుట తలచిన మేను పులకరించును. వరిపైరు పండుట ఒక ఫలమైన, ఆ నీటిలో చేపలు పండుట మఱియొక ఫలము. తూము వదలిన చోటను, మత్తడి దూకు చోటను నీరు కదలుచుండును. కదలు నీటిలో గాలి కలియును, మేత కొట్టుకొనివచ్చును. కావున చేపలచటికి గుమిగూడును. ఆనకట్ట క్రింది నదికిని, మా మత్తడి క్రింది వాగునకును గల పోలిక యిదియే. మా పిల్లవాని ఊహ మొత్తముమీద తప్పు కాదు.

మన చెఱువులోని చేపలును రెండు తెగలు. బొచ్చె, రవ్వ మొదలైనవి వఱదనదిలో తప్ప నిలిచిన నీటిలో సహజముగా గ్రుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌదరి అను శాస్త్రజ్ఞుడు ఒరిస్సాలో సూదిమందుతో వానిచే గ్రుడ్లు పెట్టించు విధానమును సాధించిన పిమ్మటనే వాని పిల్లలు విరివిగా లభించుచున్నవి. 2016 నుండి తెలంగాణ ప్రభుత్వము మత్స్యకారుల సంఘములకు ఉచితముగా ఇచ్చిన పిల్లలలో నివియే ముఖ్యములు. ఇవి ఒకరు తెచ్చి విడువవలసిన చేపలు. కాని కొఱమట్ట, వాలుగ, జెల్ల, పరక మున్నగునవి తమంత తాము పుట్టి పెరుగునవి. అమెరికావారు అడవి ట్రౌటునకిచ్చు గౌరవము న్యాయముగా మన వీనికి చెల్లవలెను. అందు కొఱమట్ట మన రాష్ట్రపు చేపగా 2016లో ప్రకటింపబడినది.

ఈ కొఱమట్ట విచిత్రమైన ప్రాణి. ట్రౌటు ఊపిరాడక చచ్చు వెచ్చని నీటిలో నిది సుఖముగా నుండును. ఏలన, మాటిమాటికి పైకి వచ్చి మనవలెనే గాలిని మ్రింగును. పైకి రానీయక వలక్రింద అదిమినచో నీటిలోని చేప నీటిలోనే ఊపిరాడక చచ్చును! వానకాలమున ఒడ్డుననున్న తుంగను, నాచును తొలగించి చిన్న మడుగువలె గూడు చేసికొనును. వేలకొలది గ్రుడ్లు తైలము గలవగుటచే నీటిపై తేలుచుండును. ఒకటి రెండు దినములలో పిల్లలగును. ఎఱ్ఱని ఆ పిల్లలన్నియు ఒక ముద్దగా కూడి తిరుగుచుండ, తల్లిదండ్రులు కొన్ని వారములు ప్రక్కనే కావలియుండి, దగ్గఱకు వచ్చిన దానినెల్ల కఱవబోవును. ఈ వాత్సల్యమే దానికి మృత్యువు. కప్పను గ్రుచ్చిన గాలము పిల్లలగుంపు మీద ఆడించినచో, ఆకలి లేకున్నను, పిల్లలకు కీడు వచ్చెనని తలచి దానిమీద పడును.

ఇక మా యింటి సంగతి చెప్పెదము. మత్తడి చూచిన మఱునాడు మా కుమారుడు మేనమామ కొడుకుతో కలసి, మాకు చెప్పక, వెదురుకఱ్ఱకు గాలము కట్టుకొని మత్తడి క్రింది వాగునకు పోయెను. మధ్యాహ్నమునకు బిందెతో నీళ్లు, నీళ్లలో మూరెడు చేప పట్టుకొని వాకిట నిలిచెను. మా తల్లిగారు బిందె మైలపడెనని కేకలు వేసిరి. మేము కఱ్ఱను లాగికొంటిమి. వాడు మాత్రము "అమ్మా, నేనే పట్టితిని" అని వెలుగుచున్న మొగముతో చూచుచుండెను.

అదే సమయమున వీధిలో చేపలమ్ము ముదుసలి ప్రొరుగింటికి వచ్చెను. ఆ కలకలము విని లోనికి తొంగిచూచి, బిందెలోని చేపను పరికించి, "ఏడ దొరికింది బిడ్డా?" అని యడిగెను. వాడు చోటు చెప్పెను. "నీళ్ల మీద ఎర్రగ కుప్ప లెక్క ఏమన్న కనవడ్డదా?" "కనబడ్డది. ఏదో పువ్వులనుకొన్నాను. దాని పక్కనే గాలము వేసితిని." ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట మావంక తిరిగి యిట్లనెను: "గవి పువ్వులు గావమ్మా, దీని పిల్లలు. నేను గుడ గాలమేసి బతికిన ఇంటిదాన్నే. మా ఆయన ఉన్నన్నొద్దులు పిల్లల మీదున్న మట్టను తియ్యలే. అందరు గట్ల ఉండరనుకో. తల్లిని తీస్తే గవన్ని పరకల పాలు, కొంగల పాలు. ఒక్క పూట కూరకు ఎన్ని చేపలు పోతయో సూడు."

మా పిల్లవాని మొగము వాడిపోయెను. వానిని తిట్టవలసిన పని మాకిక లేకపోయినది. "ఇంకను బ్రదికియున్నది కదా, మరల విడిచినచో?" అని వాడే యడిగెను. కొఱమట్ట తడి యున్నంతవఱకు చాలసేపు ప్రాణముతో నుండునని ఆ ముదుసలి ధైర్యము చెప్పెను. మేమును, మావారును, పిల్లలిద్దఱును బిందె నెత్తుకొని వాగునకు పోయితిమి. చిన్న కమండలువులోని చేప పెద్దనీటికి చేర్చుమని సత్యవ్రతుని వేడుకొన్న కథ త్రోవలో జ్ఞప్తికి వచ్చినది. వచ్చినను పిల్లవానికి చెప్పుటకు నోరాడలేదు. వాడా సమయమున కథ వినునట్లు లేడు.

తుంగప్రక్క ఎఱ్ఱని గుంపు ఇంకను ఉండెను. కాని ఉదయము జల్లెడంత యుండినది చేటలో సగమైనదని వాడు చెప్పెను. చుట్టును పరకలు మెఱయుచుండెను. మావారు చేతులు తడిపికొని, చేపను నీటిలోనే పట్టి, అది తనంత తాను కదలువఱకు నిలిపి విడిచిరి. తోక యొకమాఱు ఆడించి అది తుంగలోనికి పోయినది. చీకటిపడు దాక అచటనే కూర్చుంటిమి. అది పిల్లలను చేరెనో, గాయపు నోటితో నెక్కడనో పడియుండెనో తెలియలేదు. దాని జత యచటనే యుండి పిల్లలను కాచియుండునని తలచి మమ్ము మేము ఊరడించుకొంటిమి.

సోదరీమణులారా! చేపలను తినవలదని చెప్పుట మా యుద్దేశము కాదు. మా యింటి ఆచారము మాది. మీ యింటి ఆచారము మీది. చెఱువునే నమ్ముకొని బ్రదుకు కుటుంబములు మన మూడు జిల్లాలలో నెన్నియో కలవు. పురుషులు వల వేసిన, బుట్ట నెత్తి కెత్తుకొని వీధివీధి తిరిగి అమ్మునది స్త్రీయే. చేప తగ్గిన ఆమె కుండ ఎండును. మృగశిర కార్తె నాడు చేప తినవలెనని మనలో నానుడి. జూన్ మొదటి వారము గడచి యా కార్తె వచ్చును. అప్పటినుండియే తొలకరి వాగులకు చేపలు గ్రుడ్లతో ఎదురెక్కును. మత్తడివద్ద గుడ్డలు పఱచియు, బుట్టలు పెట్టియు, ఎక్కివచ్చు దానినెల్ల పట్టుట చూచుచున్నాము. ఒక జనచేపను పట్టిన వేలకొలది చేపలను పట్టినట్లే. నీటిలో మందు కలిపియు, తూటాలు ప్రేల్చియు చేపలను చంపుట 1897 నాటి చట్టమే నిషేధించినది. కాని గ్రుడ్ల చేపను విడువుమని చెప్పవలసినది చట్టముకంటె ముందు మన యిల్లు.

కావున కొన్ని మాటలు మనవి చేయుచున్నాము. కొను ఇండ్లవారు వానకాలమున జనతోనున్న నాటుచేపను గాని, గుప్పెడు కొఱమట్ట పిల్లలను గాని కోరకుందురుగాక. కొనువారు కోరనిది అమ్మువారు పట్టరు. గాలము వేయు వినోదము గల బాలురకు పాశ్చాత్యుల మంచి పద్ధతిని నేర్పుడు: గాలపు ముల్లుకు వెనుకకు తిరిగిన కొక్కెమును పట్టుకారుతో అణచినచో చేప నోరు చీలదు, తడిచేతితో పట్టినచో దాని మేనిమీది జిగురు పోదు, నీటిలోనే విడిచినచో బ్రదుకును. ఎఱ్ఱని పిల్లలగుంపు కనబడిన చోట గాలము వేయరాదు. ఇంకొకటి, తల్లులకు: మత్తడి రాళ్లమీద పాచి యుండును, పైన వాన పడిన క్రింద నీరు చెప్పక పెరుగును. పెద్దవారు వెంట లేక పిల్లలను పంపకుడు. ఆనకట్టల క్రింది నదులలో నీరు విడుచుటకు ముందు కూత కూయుదురు. మన మత్తడికి కూత లేదు.

జనగామకు తిరిగి వచ్చినపిమ్మట మా కుమారుడు తన గాలమునకు మావారిచే కొక్కెమును అణపించుకొన్నాడు. దానిని బడిపుస్తకముల వెనుక దాచియున్నాడు. ఇప్పటికిని వాన పడిన రాత్రి ప్రక్కమీద లేచి కూర్చుండి, "అమ్మా, ఆ మట్ట పిల్లలు ఇప్పుడెంత యుండును?" అని యడుగును. బ్రదికినవి మూరెడైన యుండునని చెప్పి పడుకొనబెట్టుచున్నాము.